బీరువాలో దాచిన గొంతు

సాధనకు భయం పుట్టుకతోనే వచ్చింది. లిఫ్టు ఎక్కితే మధ్యలో ఆగుతుందేమోనని భయం, ఎక్కకపోతే క్లాసుకు ఆలస్యమవుతుందని భయం. ఎల్బీ నగర్ చౌరస్తా దాటాలంటే ముందు ఎవరైనా ముసలామెను వెతుక్కునేది. ఆమెకు సాయం చేస్తున్నట్టు నటిస్తూ, నిజానికి ఆమె కొంగు చాటున తనే దాటేది. ముప్పై నాలుగేళ్లు వచ్చినా ఈ పద్ధతి మారలేదు. ఇంత పిరికిది రోజూ పిల్లల ముందు కంప్యూటర్లు విప్పి, కరెంటు తీగల మధ్య వేళ్లు పెట్టి పాఠం చెబుతుందంటే చుట్టాలకు నవ్వొచ్చేది.

"గా ఇనుప డబ్బాలకు భయపడవు గని బల్లికి భయపడ్తవ్" అని తండ్రి యెహెజ్కేలు వెక్కిరించేవాడు.

సాధన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. డబ్బా ఎందుకు చెడిందో విప్పి చూస్తే తెలుస్తుంది, బల్లి ఎప్పుడు దూకుతుందో ఎవరికి తెలుసు?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో ఒక మేడ ఉంది. కింద చీరల దుకాణం, పైన ఆడపిల్లల హాస్టల్, మధ్య అంతస్తులో ఆమె పనిచేసే హార్డ్‌వేర్ ఇన్‌స్టిట్యూట్. పగలంతా అక్కడ పాఠాలు. సాయంత్రం ఇంటికొచ్చి, గొంతు గదిలో మోగకుండా తల మీద దుప్పటి కప్పుకుని, ఫోనులో కథ చెప్పేది. ఒక ఆడియో కథల యాప్‌లో ఆమె సీరియల్ పేరు 'దీవెన'. అందులో దీవెన ఒక మరమనిషి. ఆండ్రాయిడ్ అని పిలవాలని సాధనకు ఉండేది కానీ, ఆ మాట అంటే మన జనం ఏ కంపెనీ ఫోను అని అడుగుతారు కాబట్టి మరమనిషితోనే సర్దుకుంది.

కథ కూడా ఎల్బీ నగర్‌లోనే జరుగుతుంది. ఒక అమ్మమ్మకు తోడుగా దీవెన ఆ ఇంట్లో ఉంటుంది. బియ్యం ఏరుతుంది, మందులు ఇస్తుంది, అమ్మమ్మ చెప్పే కబుర్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది. మొదట్లో సాధన కథను ఇష్టం వచ్చినట్టు పరిగెత్తించింది. దీవెన మెట్ల మీది నుంచి పడి, తలకు దెబ్బ తగిలి అన్నీ మరిచిపోయింది. తర్వాతి భాగంలో తలుపు తగిలి మళ్లీ అన్నీ గుర్తొచ్చాయి.

ఆ భాగం విన్న మర్నాడు చక్రపాణి టీ గ్లాసు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. ఆయన అదే ఇన్‌స్టిట్యూట్‌లో చిప్పుల రిపేరు నేర్పే మాస్టారు. తెనాలి నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా 'అండి'ని మాత్రం నగరం ఆయన నోట్లోంచి లాగలేకపోయింది. సాధన కథను మెట్రోలో వింటూ వస్తాడు, టీ దగ్గర తప్పులు పడతాడు.

"తలకు దెబ్బ తగిలితే మతి పోవడం, ఇంకో దెబ్బకు తిరిగి రావడం, ఇవన్నీ మనుషులకండి, అదీ సినిమాల్లో. చిప్పుకు కాదు. అసలు మెమరీ తలలో ఎందుకు పెట్టారు మేడం గారూ? కెమెరాలు అక్కడే, మైకులు అక్కడే, మెమరీ కూడా అక్కడేనా? వేడెక్కి చస్తుందండి పాపం."

సాధనకు రోషం వచ్చింది, కానీ ఆయన చెప్పింది నిజం. ఆ రోజు నుంచి దీవెనను తన క్లాసులో టేబుల్ మీద పెట్టిన డబ్బాలా చూడటం మొదలుపెట్టింది. బ్యాటరీ బరువు కాబట్టి దాన్ని నడుములో పెట్టింది, అప్పుడే మనిషి తూలిపడదు. మెమరీని ఛాతీలోకి మార్చింది. వేడిగాలి పోవడానికి వీపున జాలీ పెట్టి, జాలీ మూసుకోకుండా వెనక మెడ బాగా దించిన జాకెట్టు వేసింది. వానాకాలంలో అమ్మమ్మ ఆ వీపు దగ్గర అప్పడాలు ఆరబెట్టుకునేది. వినేవాళ్లకు ఆ అప్పడాలు ఎంత నచ్చాయో చెప్పలేం.

మెమరీని కూడా రెండుగా విడదీసింది. కరెంటు ఉన్నంతసేపే నిలిచేది ఒకటి, కరెంటు పోయినా నిలిచేది ఒకటి. దీవెన రోజూ పడుకునే ముందు ఆ రోజు విన్నదంతా మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి మార్చుకుంటుంది. మధ్యలో బ్యాటరీ అయిపోతే ఆ సాయంత్రం జరిగింది మర్చిపోతుంది. ఒకసారి కోడలితో పోట్లాడిన సాయంత్రమే బ్యాటరీ అయిపోయింది, సాక్ష్యం లేకుండా పోయిందని అమ్మమ్మ సంబరపడింది. యంత్రం ఎంత గొప్పగా పనిచేస్తుందో చెబితే ఎవరూ నమ్మరు, ఎక్కడ చెడుతుందో చెబితే నమ్ముతారు. సాధన ఈ సంగతి కనిపెట్టాక కథ వినేవాళ్లు పెరిగారు, చక్రపాణికి టీ దగ్గర పని తగ్గింది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆమె ఒక కొత్త భాగం చెప్పింది. అమ్మమ్మ చనిపోతుంది. ఆమె మాటలన్నీ దీవెనలోనే ఉన్నాయి కాబట్టి, వాడితే అరిగిపోతాయని ఇంట్లోవాళ్లు దీవెనను స్విచ్ ఆపి, మేడ మీది రేకుల గదిలో నిలబెట్టి తాళం వేస్తారు. చాలా ఏళ్ల తర్వాత, మనవరాలి పెళ్లి రోజున తాళం తీసి స్విచ్ వేస్తారు. దీవెన కళ్లు తెరిచి అమ్మమ్మ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెబుతుంది. చెబుతూ చెబుతూ సాధనకే ఏడుపొచ్చింది.

"ఈసారి దొరికిపోయారండి" అన్నాడు చక్రపాణి మర్నాడు. ఆయన ముఖంలో దొంగను పట్టుకున్న ఆనందం. "అన్నేళ్లు కరెంటు లేకుండా నిలబెట్టి, స్విచ్ వేయగానే గడగడా చెప్పేసిందా? చిప్పులో ఉండేది రాత కాదు కదండి. చిన్న చిన్న గదుల్లో పట్టి ఉంచిన కాసింత కరెంటు. ఎప్పుడూ స్విచ్ వేయకపోతే అది మెల్లగా కారిపోతుంది. అందులోనూ రేకుల గది అన్నారు, మన ఎండలకు ఇంకా త్వరగా పోతుంది. బాగా వాడేసిన పాత చిప్పయితే ఇక చెప్పనే అక్కర్లేదు. మీరు పిల్లలకు చెప్పే పాఠమే కదండీ ఇది!"

అవును, ఆమె చెప్పే పాఠమే. ఎన్ని బ్యాచులకు చెప్పిందో లెక్కలేదు. సాధన టీ గ్లాసు కింద పెట్టింది. కథలో మేడ మీది గది ఎక్కడి నుంచి వచ్చిందో, పెళ్లి రోజు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె చెప్పింది దీవెన కథ కాదు. వాళ్ల ఇంట్లో ఇనుప బీరువాలో ఎనిమిదేళ్లుగా తెల్లచీరలో చుట్టి ఉన్న అమ్మ ఫోను కథ.

ఆ ఫోను సంగతి చెప్పాలంటే మల్లమ్మ సంగతి చెప్పాలి. సాధన తల్లి మల్లమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక హాస్టల్‌లో వంట చేసేది. ఆమె కింద నిలబడి "అన్నమైంది!" అని ఒక్క కేక వేస్తే మూడో అంతస్తులో చదువుకునే పిల్లలు పుస్తకాలు మూసేవాళ్లు. చర్చిలో ఆమె ప్రార్థన మొదలుపెడితే పాస్టరు మైకు పక్కకు జరిపేవాడు. ఇంత గొంతున్న మనిషి ఫోటోకి, వీడియోకి మాత్రం దొరికేది కాదు, కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పారిపోయేది.

చౌటుప్పల్ దగ్గర వాళ్ల ఊళ్లో క్రైస్తవ కుటుంబాలకు ఒక ఆచారం ఉంది. పెళ్లి పొద్దున బిడ్డ చీర కట్టుకుని చర్చికి బయల్దేరే ముందు, తల్లి ఆ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి. పాస్టరు దీవెన ఆ తర్వాతే. కిడ్నీలు పాడై దవాఖానలో పడుకున్న మల్లమ్మకు తాను ఆ రోజు దాకా ఉండనని తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం సాధన క్లాసులో ఉన్నప్పుడు, మొగుణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, తన ఫోనులో ఆ ప్రార్థన రికార్డు చేయించింది. చేయించి, ఒక షరతు పెట్టింది.

"చీర కట్టుకున్నంకనే ఇనాలె. ముందుగాల ఇంటె ఎంగిలైతది."

వంట మనిషికి ఎంగిలి కన్నా పెద్ద తప్పు లేదు. ప్రార్థన కాకముందు ఉప్పు కూడా చూడని మనిషి ఆమె. ఆ మాటకు యెహెజ్కేలు కట్టుబడ్డాడు. మల్లమ్మ పోయాక ఫోను స్విచ్ ఆపి, ఆమె పెళ్లినాటి తెల్లచీరలో చుట్టి, నాఫ్తలీన్ ఉండలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆయన జలమండలిలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా వనస్థలిపురం నుంచి చింతలకుంట దాకా కాలనీలకు నీళ్లు వదిలే వాల్వులు తిప్పాడు. మూసింది మిగులుతుంది, తెరిచింది పోతుంది అన్నది ఆయనకు చేతులతో తెలిసిన సత్యం.

మొదటి ఏడాదే సాధన ఒకసారి అడిగింది, వినకుండా వేరే దాంట్లోకి కాపీ చేసి పెడతానని. "కాపీ అంటె ఇనుడే గద" అన్నాడాయన. ఆమె వాదించలేదు. తండ్రి దుఃఖాన్ని కదపడానికి భయపడింది. అంతకంటే, అమ్మ గొంతు బీరువాలో భద్రంగా ఉందన్న నమ్మకం ఆమెకూ హాయిగా ఉండేది. హార్డ్‌వేర్ పాఠాలు చెప్పే మనిషి ఇంటి విషయంలో ఆ పాఠం గుర్తుచేసుకోలేదు, అంతే.

ఇప్పుడు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అది సెకండ్‌హ్యాండ్ ఫోను. మల్లమ్మ అందులో రోజూ పాటలు ఎక్కించి, చెరిపి, మళ్లీ ఎక్కించి చిప్పును అరగదీసింది. వాళ్లది ఆఖరి అంతస్తు. బీరువా పడమటి గోడకు ఆనుకుని ఉంది. మే నెలలో సాయంత్రం దాని హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఎనిమిది ఎండాకాలాలు.

ఇంకో భయం కూడా ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏడాది క్రితం కథలో అమ్మమ్మ మాటలు అమ్మ గొంతుతో చెబుదామని ప్రయత్నించింది. మాటలు గుర్తున్నాయి, యాస గుర్తుంది, ఎక్కడ నవ్వేదో గుర్తుంది. గొంతు మాత్రం రాలేదు. ఎంత తవ్వినా తన గొంతే వచ్చింది. అప్పుడు తనను తాను ఓదార్చుకున్నది ఒక్క మాటతోనే, బీరువాలో ఉంది కదా అని.

ఆ సాయంత్రం మెట్రో దిగి ఇంటికి దాదాపు పరిగెత్తింది. చౌరస్తాలో ముసలామె కోసం కూడా వెతకలేదు. యెహెజ్కేలు వంటింట్లో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు.

"నాయినా, అమ్మ ఫోను ఒక్కసారి చార్జింగ్ పెడ్దం."

"ఎందుకు?"

"పెట్టకపోతె అండ్లున్నది పోతది. రోజు క్లాసుల నేను చెప్పేదే గిది."

ఆయన చేతిలో వెల్లుల్లి ఆగిపోయింది. "మూసిపెట్టింది ఏడికి పోతది?"

"నీళ్లు కాదు నాయినా అది. కరెంటు. మూసిపెడ్తెనే పోతది."

"పెండ్లినాడు తీస్త" అన్నాడాయన. ఆ గొంతులో ఆమె ఎన్నడూ వినని గట్టిదనం ఉంది. "అప్పటిదాంక గా బీరువ జోలికి పోకు. చెప్తున్న. పోకు."

తాళంచెవి ఉన్న చొక్కా జేబును చేత్తో అదిమిపట్టుకుని మేడ మీదికి వెళ్లిపోయాడు. ఒలవని వెల్లుల్లి నేల మీదే ఉంది. పెళ్లి ఇంకా నెలన్నర ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి సినిమా స్టూడియోలో లైట్ల పని చేసే ఆనంద్ కుమార్‌తో ప్రధానం, అంటే నిశ్చితార్థం, అయిపోయింది. అతను నెమ్మదస్తుడు. ఫోనులో అంతా విని "నేనొచ్చి మామయ్యతోని మాట్లాడాల్నా?" అన్నాడు. వద్దంది. తండ్రి ఎందుకంత గట్టిగా అన్నాడో తెలియకుండా మూడో మనిషిని దించడానికి భయమేసింది.

రెండు రోజుల తర్వాత పక్క వాటాలోని అండాలమ్మ ఆమెను మెట్ల దగ్గర ఆపింది. పోచంపల్లి నుంచి వచ్చి ఇక్కడ చీరలమ్ముకునే పెద్దామె. మల్లమ్మ ఉన్నప్పటి నుంచి వాళ్లింటికి చుట్టంలాంటిది.

"బిడ్డా, ఏమనుకోకు. మీ నాయిన పొద్దుగాల పొద్దుగాల మీద ట్యాంకు కాడ నిలవడి ఒక్కడే మాట్లాడుతుండు. చెయ్యి గిట్ల ముంగటికి చాపుతడు. ఒక్కనాడు కాదు, రోజు గంతే. జర చూస్కో."

ఆ రోజు నుంచి సాధన భయం రెండింతలైంది. తండ్రిని ఆమె యంత్రాన్ని చూసినట్టే చూడటం మొదలుపెట్టింది. ఎండ దెబ్బా? మతిమరుపా? పాత సంగతులు అడిగి పరీక్షించింది. ఏ కాలనీకి ఏ రోజు నీళ్లు వదిలేవాడో టకటకా చెప్పాడు. కానీ కూరలో ఉప్పు రెండుసార్లు వేశాడు. పలకరిస్తే ఉలిక్కిపడుతున్నాడు. ఒక చిప్పులోంచి అమ్మ కారిపోతోంది, ఇంకో తలలోంచి నాన్న కారిపోతున్నాడు అనిపించి, క్లాసులో పిల్లల ముందే ఆమెకు మాట తడబడింది.

సీరియల్ ఆగిపోయింది. తర్వాత ఏమైందని వినేవాళ్లు అడుగుతున్నారు. దీవెనకు స్విచ్ వేసే సన్నివేశాన్ని నిజాయితీగా మళ్లీ చెబుదామని ఆమె కూర్చుంది. ఒకసారి దీవెన కళ్లు తెరిచి అమ్మమ్మ పేరు మర్చిపోయింది. ఇంకోసారి పప్పు చేసే విధానం మొత్తం చెప్పి, ఎవరు నేర్పారంటే తెలియదంది. ఇంకోసారి మాటలన్నీ చెప్పింది కానీ అవి ఎవరి గొంతులోనూ లేవు. అన్నీ నమ్మదగ్గవే. చక్రపాణి ఒక్కదానికీ వంక పెట్టలేడు. చివరిది చెబుతుంటే సాధన దుప్పటి విసిరికొట్టి బాల్కనీలోకి పరిగెత్తింది. తాను కట్టిన కథకు తానే అంతలా భయపడింది.

మంచి శుక్రవారం నాడు ఆమెకు అవకాశం దొరికింది. సిలువ మీద పలికిన మాటల మీద చర్చిలో ఒకరి తర్వాత ఒకరు ప్రసంగిస్తారు, మధ్యాహ్నం దాకా సాగుతుంది. తలనొప్పి అని చెప్పి సాధన ఇంట్లో ఉండిపోయింది. యెహెజ్కేలు తెల్లబట్టలు వేసుకుని వెళ్లాడు. రోజూ వేసుకునే చొక్కా చిలక్కొయ్యకు వేలాడుతోంది. జేబులో తాళంచెవి ఉంది.

దొంగతనం చేస్తున్నట్టు, అదీ ఈ రోజున చేస్తున్నట్టు, ఆమె చుట్టూ చూసుకుంటూ తాళం తీసింది. బీరువా తలుపు కిర్రుమంది. నాఫ్తలీన్ వాసన. తెల్లచీర మడతలు ఒక్కొక్కటే విప్పింది. లోపల ఫోను ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. దాని పక్కన ఒక వస్తువు ఉంది. ఎనిమిదేళ్ల కిందట లేని వస్తువు, ప్లాస్టిక్ కవరు సగం చింపిన కొత్త చార్జర్.

దాన్ని చేతిలో పట్టుకుని ఆమె అట్లాగే నేల మీద కూర్చుంది. తలుపు దగ్గర చప్పుడైతే తలెత్తి చూసింది. తాళంచెవి చొక్కాలో మరిచానని గుర్తొచ్చి సగంలో లేచి వచ్చేసిన యెహెజ్కేలు, చెమటలు కారుతూ అక్కడ నిలబడి ఉన్నాడు. ఆయన కోప్పడలేదు. వచ్చి ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"ఎప్పుడు?" అంది సాధన.

"నీ ప్రధానమైన తెల్లారి. పెండ్లినాడు అందరి ముంగట ఒస్తదో రాదో అని చార్జింగ్ వెట్టి చూసిన. ఇనను, వెలిగితె చాలనుకున్న. వెలగలె." ఆయన చీర అంచును వేళ్లతో నిమురుతున్నాడు. "కొత్త వైరు కొనుకొచ్చిన. అయినా వెలగలె. దిల్‌సుఖ్‌నగర్ల ఒక దుకాణంల చూపిస్తె, ఇది పోయింది తాతా, పారెయ్ అన్నడు."

"నాకెందుకు చెప్పలె నాయినా? నేను చేసే పనే గిది గద!"

యెహెజ్కేలు ఆమె చేతిలోని చార్జర్ తీసి పక్కన పెట్టాడు. "గా దుకాణపోడు లేదంటె నమ్మకుంటె అయిపాయె. నువ్వు చూసి లేదంటె ఇగ లేనట్టే గద బిడ్డా."

ఇన్నాళ్లూ ఆ గట్టిదనం మాట మీద నిలబడటం అనుకుంది. అది భయం. తనదిలాంటి భయమే. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే తలుపుకు చెరోవైపు నిలబడి వణుకుతున్నారు. ఆమె తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు ఇద్దరూ ఫోను తీసుకుని ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. సాధనకు చిప్పు ఊడదీయడం వచ్చు, ఈ చిప్పు మీద చెయ్యి వేయడానికే భయం. చక్రపాణి ఆమెను పక్కన కూర్చోమన్నాడు. ఆ రోజు ఆయన ఒక్క ఎగతాళి మాట అనలేదు. ఉబ్బిన బ్యాటరీ తీసి బయట పెట్టాడు. బోర్డు నిజంగానే పోయింది. వేడిగాలి పట్టించి గోరంత చిప్పును బోర్డు నుంచి లేపి, దాన్ని చదివే యంత్రంలో పెట్టాడు. స్క్రీన్ మీద వరసగా ఎర్రగీతలు వచ్చాయి. ప్రతి ఎర్రగీతా చదవలేకపోయిన చోటు. యెహెజ్కేలుకు ఆ గీతల అర్థం తెలియదు. కూతురి ముఖం చూసి తెలుసుకుంటున్నాడు, అందుకని సాధన ముఖాన్ని బిగబట్టుకుని కూర్చుంది.

"ఫైలు ఉందండి" అన్నాడు చక్రపాణి చివరికి. "కానీ నిండా చిల్లులే. ఎంత మిగిలిందో తెలియాలంటే..." అని మౌస్ మీద చెయ్యి వేశాడు.

"వద్దు సార్" అన్నాడు యెహెజ్కేలు. "ఎంగిలి చెయ్యొద్దు."

చక్రపాణి సాధన వైపు చూశాడు. ఒక్క నొక్కుతో తెలిసిపోతుంది. ఆమె కూడా వద్దనే అంది. దాన్ని తల్లి మాట మీది గౌరవం అని చెప్పుకోవచ్చు, కొంత నిజం కూడా. మిగతాదంతా భయమే. వినకపోతే ఇంకో నెల పాటు అమ్మ గొంతు అందులో ఉండే అవకాశం ఉంటుంది.

"సరేనండి. నాలుగు చోట్ల కాపీ చేసి ఇస్తాను. కానీ ఏం వస్తుందో, అసలు వస్తుందో రాదో నేను చెప్పలేను మేడం గారూ."

ఆ నెలంతా సాధన భయాన్ని హ్యాండ్‌బ్యాగులో పెన్‌డ్రైవ్‌తో పాటు మోసింది. అండాలమ్మ చెప్పిన ట్యాంకు దగ్గరి మాటల గురించి తండ్రిని అడగాలని చాలాసార్లు అనుకుంది. ఇంకో చెడ్డ కబురు వినే ఓపిక లేక అడగలేదు. పొద్దున్నే మేడ మీది నుంచి గొణుగుడు వినిపిస్తే తలగడ చెవుల మీద పెట్టుకునేది.

పెళ్లి పొద్దున ఇల్లు నిండిపోయింది. ఫోను చుట్టి ఉంచిన తెల్లచీరనే సాధన కట్టుకుంది. ఎంత ఎండబెట్టినా నాఫ్తలీన్ వాసన కొంచెం మిగిలే ఉంది. పిన్ని కూతురు జోస్నా పెన్‌డ్రైవ్‌ను చిన్న స్పీకరుకు పెట్టింది. గడప దగ్గర అండాలమ్మ, ఆమె వెనక చక్రపాణి నిలబడ్డారు. యెహెజ్కేలు కొత్త చొక్కాలో, కూతురి ఎదురుగా నిలబడ్డాడు.

జోస్నా మీట నొక్కింది.

ముందు బరబరమని చప్పుడు. తర్వాత దగ్గు, మంచం కిర్రుమన్న శబ్దం. ఆ తర్వాత, గది నిండా, మూడో అంతస్తుకు వినపడేంత గట్టిగా, జబ్బుతో కూడా తగ్గని ఆ గొంతు.

"అయిందా? ఎర్రగ వెలుగుతుందా? మాట్లాడాల్నా?... సాధనా. బిడ్డా, తల వంచు."

సాధన తల వంచింది. అమ్మ గొంతు. ఎట్లా మర్చిపోయిందో తెలియలేదు. ఇంత మామూలుగా, నిన్ననే విన్నట్టు ఉన్న గొంతు.

తర్వాత గొంతు లేదు. బరబర మాత్రమే. తల వంచుకుని ఆమె ఎదురుచూసింది. బరబర సాగుతూనే ఉంది. ఇంతేనేమో, తల వంచమని చెప్పి వెళ్లిపోయిందేమో అన్న భయం ఆమె వెన్నులోకి దిగుతుండగా, తల మీద ఒక చెయ్యి పడింది. ఇనుప వాల్వులు తిప్పి తిప్పి కాయలు కాసిన చెయ్యి.

"ప్రభువా" అన్నాడు యెహెజ్కేలు. ఎన్నడూ చర్చిలో పెదవి విప్పని మనిషి, మల్లమ్మలాగే గట్టిగా అన్నాడు. "గీ దినం నేనుండ. నా చెయ్యి అందది. నీ చెయ్యి వెట్టు."

సాధనకు అప్పుడు అర్థమైంది. ఫోను వెలగని రోజు నుంచి ఆయన ప్రతి పొద్దునా ట్యాంకు దగ్గర చెయ్యి చాపి నిలబడి, దవాఖానలో ఒక్కసారే విన్న మల్లమ్మ మాటలను ఒక్కొక్కటిగా పోగుచేసుకుంటున్నాడు. మతి పోయి కాదు, పోతుందేమోనన్న భయంతో.

"ఇది చాన భయస్తురాలు ప్రభువా. భయం తీసెయ్యమని అడుగుత లేను..."

ఇంతలో బరబర మధ్య నుంచి మల్లమ్మ గొంతు ఒక్కసారి పైకి తేలింది. "...పక్కన ఒకలుండేటట్టు చూడు." యెహెజ్కేలు ఆగాడు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఆగి, ఆ గొంతు మళ్లీ మునిగాక, తాను అందుకున్నాడు.

"నా కడుపుల పుట్టిన బిడ్డ ప్రభువా. నా భయమే దీనికొచ్చింది. దీన్ని కన్ననాడు ఎంత భయపడ్డనో, ఇయాల గంతనే భయమైతుంది. ఆమెన్."

నా కడుపుల పుట్టిన బిడ్డ అని తండ్రి అన్నందుకు గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ మాటను తనకు తగ్గట్టు మార్చుకోవచ్చని ఆయనకు తోచనే లేదు. ఆమె ఎట్లా చెప్పిందో అట్లాగే దాచాడు. సాధన తల ఎత్తలేదు. ఆ చెయ్యి కూడా ఆమె తల మీది నుంచి లేవలేదు. బయట కారు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.